పగలు కథ చెబితే మేనమామ దారి తప్పుతాడు

మా అవ్వకు బోలెడు కథలు వచ్చు. కానీ వాటిని పొద్దుగూకిన తర్వాతే బయటికి తీసేది. పగలు కథ చెబితే వినేవాళ్ళ మేనమామ దారి తప్పుతాడని ఆమె నమ్మకం. పొలం పని వదిలేసి కథలకు కూర్చునే పిల్లలను లేపడానికి వెనకటికి ఎవరో తెలివైన ఆవిడ కనిపెట్టిన మాట ఇది అని నా అనుమానం. ఎవరి పేరు చెబితే పిల్లలు లేస్తారో ఆవిడకు బాగా తెలుసు. తండ్రి దారి తప్పితే ఇల్లు కాసేపు ప్రశాంతంగా ఉంటుంది. మేనమామ దారి తప్పితే మిఠాయి పొట్లం కూడా దారి తప్పుతుంది.

అవ్వ అంటే మా నాయనమ్మ. బాపు, అంటే మా నాన్న, ఆమెను అవ్వ అని పిలిచేవాడు కాబట్టి మేమూ అలాగే పిలిచేవాళ్ళం. బాన్సువాడలో మా ఇంట్లో అవ్వ, బాపు, అమ్మ, నేను, చెల్లె ఉండేవాళ్ళం. నేను ఇంటర్ చదువుతున్నాను, చెల్లె రెండో తరగతి. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి.

నిజానికి అప్పట్లో మా మేనమామ దారి తప్పే అవకాశమే లేదు. ఆయన మా ఇంటి దారి పట్టక మూడేళ్ళయింది.

దానికి కారణం ఒక ప్యాంటు షర్టు బట్ట. మామ పెళ్ళికి బాపు ఒక జత పెట్టాడు. ప్యాంటు బట్ట కాఫీ రంగు, షర్టుది గళ్ళు. మా ఆచారం ప్రకారం కొత్త బట్ట మూలకు పసుపు పెట్టాలి. ఆ పసుపు అవ్వ పెట్టింది. అవ్వ బట్టకు పసుపు పెట్టినా కూరకు పెట్టినట్టే పెడుతుంది. బొటనవేలు మొత్తం ముంచి మూలన ముద్ర వేస్తుంది. తర్వాత మామ మహమ్మద్ నగర్ పక్కన తమ ఊళ్ళో కొత్త ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికి అందరినీ పిలిచి, బావకు మర్యాదగా బట్టలు పెట్టాడు. బాపు అందరి ముందే కవరు విప్పాడు. కాఫీ రంగు, గళ్ళు. మూలన మా అవ్వ బొటనవేలు.

బాపు అరవలేదు. అవ్వ వైపు తిరిగి, ఇది నీ వేలేనా అని మాత్రం అడిగాడు. అవ్వ అబద్ధం చెప్పలేక తన వేలిని చూసుకుంది. ఇది మామ చేసిన పని కాదు, బీరువా చేసిన పని. వచ్చిన బట్టలన్నీ ఒకే అరలో పెడతారు, ఇవ్వాల్సి వచ్చినప్పుడు పైనున్నది తీస్తారు. మన ఇళ్ళల్లో సగం మర్యాదలు అలాగే జరుగుతాయి. కానీ మామకు నవ్వు వచ్చింది. నవ్వకుండా ఉంటే గొడవ ఆ రోజుతో అయిపోయేది.

అప్పటి నుంచి బాపు మామ ఇంటికి పోలేదు, మామ మా ఇంటికి రాలేదు. ఆ బట్ట మాత్రం మా బీరువాలో ఉంది. ఊళ్ళో అందరికీ దాని చరిత్ర తెలుసు కాబట్టి ఇంకెవరికీ పెట్టడానికి వీల్లేకుండా పోయింది.

ఈ గొడవలో అసలు నష్టం జరిగింది చెల్లె చెవులకు. మా వైపు ఆడపిల్లకు చెవులు కుట్టించాలంటే మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి. నా చెవులు అలాగే కుట్టించారు. అప్పటికి మామకు సరిగా మీసాలు కూడా రాలేదట. సూది కనపడగానే ఆయనే కళ్ళు మూసుకుని నన్ను ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, నేను ఏడ్చింది చెవి నొప్పికి కాదని అవ్వ ఇప్పటికీ అంటుంది. చెల్లెకు ఆ యోగం ఈ మూడేళ్ళలో వాయిదా పడుతూ వచ్చింది. బడిలో దాన్ని బోడి చెవులది అనేవారు. వేరే ఎవరి ఒళ్ళోనైనా కూర్చోబెట్టి కానిచ్చేద్దామని అవ్వ ఒకసారి అంటే, అమ్మ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. తమ్ముడు బతికుండగా ఇంకొకరి ఒడి ఏమిటని ఆమె బాధ. చెవుల పేరుతో ఆమె అడుగుతున్నది తమ్ముణ్ణి అని మా అందరికీ తెలుసు. బాపుకు కూడా తెలుసు. తెలిసినా, బట్ట సంగతి ముందు తేలాలని ఆయన పట్టు.

ఆ ఏడు వానలు తగ్గాక నస్రుల్లాబాద్ వైపు అడవిలో కథల బాట తెరిచారు. చెట్ల మధ్య నుంచి ఒక మట్టి దారి తీసి, దారి పొడవునా కథల్లోని జంతువులను సిమెంటుతో చేసి పెట్టారు. చెల్లె బడివాళ్ళు పిల్లలందరినీ తీసుకెళ్ళిన రోజున దానికి జ్వరం. ఇక రోజూ అదే పాట. అమ్మకు ఆ పాటలో ఒక ఉపాయం దొరికింది. మన ఇల్లూ కాదు, వాళ్ళ ఇల్లూ కాదు, అడవి. అడవిలో ఎవరి పరువూ పోదు. కాయిన్ బాక్సు నుంచి మామ ఊళ్ళోని కిరాణా దుకాణానికి ఫోన్ చేసి, మామను పిలిపించి, ఆదివారం కథల బాట దగ్గరికి రమ్మని చెప్పింది. లైను బరబరమంటోంది, వెనక లారీ హారను. రెండోసారి చెప్పేలోపు ఫోన్ కట్టయింది. సరే అన్నాడు, నేను విన్నాను అని అమ్మ అంది.

ఈ సంగతి బాపుకు తెలియదని మేమంతా అనుకున్నాం. తనకు తెలుసని మాకు తెలియదని బాపు అనుకున్నాడు. అలా అందరం చాలా జాగ్రత్తగా బయల్దేరాం.

ఆడవాళ్ళం నలుగురం ఆటోలో, బాపు వెనక స్కూటరు మీద. సద్దిలో పులిహోర, గుడ్ల పులుసు, పెరుగన్నం. దిగాక అమ్మ సంచిలోంచి పల్లేలు తీసి చెట్టు కింద పెడుతుంటే బాపు లెక్కపెట్టాడు. ఐదుగురికి ఆరు పల్లేలు.

"గీ ఆరోది ఎవరికి?"

అమ్మ తల ఎత్తలేదు. "కోతులొస్తయంట."

బాపు తల ఊపాడు. కోతికి పల్లెంలో పెట్టే ఇల్లు జిల్లా మొత్తంలో మాదొక్కటే అయ్యుంటుంది.

భోజనానికి ఇంకా టైముందని, సద్దిని గేటు దగ్గర గార్డుకు అప్పగించి బాట పట్టాం. టేకు చెట్లు, మోదుగలు, మధ్యలో పండీ పండని సీతాఫలాలు. బొమ్మలు చేసిన మనిషి మామూలుగా వినాయక విగ్రహాలు చేసేవాడట. అందువల్ల అక్కడి ప్రతి జంతువుకూ వినాయకుడి కళ్ళే ఉన్నాయి. పెద్దగా, దయగా. బావిలోకి తొంగి చూస్తున్న సింహం కోపంగా ఉండాలి. ఇది మాత్రం నిమజ్జనానికి సిద్ధపడి నిలబడ్డట్టుంది. రెండు కొంగలు కట్టె పట్టుకుని ఎగురుతుంటే తాబేలు దాన్ని నోటితో కరుచుకుని వేలాడాలి. తీగ సాగిపోయి తాబేలు నేలకు జానెడు ఎత్తులో ఉంది. ఇక నోరు తెరిచినా దెబ్బ తగలదు. కుండ మీద వాలిన సిమెంటు కాకి పక్కన ఒక నిజం కాకి కూర్చుని దాన్ని అనుమానంగా చూస్తోంది.

కథలు రాసిన బోర్డులు ఇంకా రాలేదని గార్డు చెప్పాడు. ప్రస్తుతానికి ప్రతి బొమ్మ దగ్గరా ఒకే రేకు పలక ఉంది. చెల్లె కొత్తగా చదవడం వచ్చిన ఉత్సాహంతో మొదటి దాని దగ్గర కూడబలుక్కుని చదివింది: బొమ్మలను తాకరాదు. రెండో దాని దగ్గర కూడా అదే చదివింది. మూడో దాని దగ్గర ఆగి, అన్ని కథలకూ ఒకటే పేరా అని నన్ను అడిగింది. అవునన్నాను. చాలా కథల సారం అదే కదా.

అది నన్ను వదిలేసి అవ్వ కొంగు పట్టుకుంది. సింహం బావిలో ఏం చూస్తోంది? తాబేలు కట్టె ఎందుకు తింటోంది? అవ్వ దేనికీ జవాబివ్వలేదు. ఇంటికి పోయాక, దీపం పెట్టినంక చెప్తానంది. కథల బాటకు కథలన్నీ వచ్చిన మనిషిని తీసుకుపోయి, ఆమె నోరు విప్పకపోతే ఎలా ఉంటుంది? తాళం చెవి ఇంట్లో పెట్టి గుమ్మం ముందు నిలబడ్డట్టుంటుంది. చెల్లె అడిగింది, బతిమాలింది, చివరికి నేల మీద కూర్చుంది. కూర్చుని, పెద్దవాళ్ళు ఎవరూ పైకి అనని మాట అనేసింది.

"మామ ఎట్లాగూ వస్తలేడు కద అవ్వా. ఇగ చెప్తే ఏమైతది?"

అమ్మ పక్కకు తిరిగి ఒక సీతాఫలాన్ని నొక్కి చూసింది. అది రాయిలా ఉంది. అయినా చాలాసేపు నొక్కింది.

"వస్తడు," అంది అవ్వ. "వస్తడనే చెప్తలేను."

అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. మామ మా అవ్వకు రక్త సంబంధం ఏమీ కాదు. తన కొడుకుతో మాట్లాడని మనిషి. ఆయన కోసం ఆమె పొద్దుటి నుంచి నోరు కట్టుకుని నడుస్తోంది. మామూలుగా అయితే ఆమె నోరు కట్టడం మా ఊళ్ళో ఎవరి వల్లా కాదు.

మధ్యాహ్నం దాటింది. గేటు దగ్గరికి వచ్చిన ప్రతి ఆటో వైపూ అమ్మ చూసింది. మామ లేడు. భోజనం ఇంకాసేపు ఆగుదామంది, ఎందుకో చెప్పలేదు. చివరికి ఆకలికి ఆగలేక తిన్నాం. ఆరో పల్లెం బోర్లించి ఉంది. ఎవరినైతే సాకుగా చెప్పామో ఆ కోతులు మాత్రం తప్పకుండా వచ్చాయి, పెరుగన్నం మీద పడ్డాయి. అవి పల్లెం అడగలేదు.

తిన్నాక బాట చివరి బొమ్మ దగ్గర కూర్చున్నాం. అది పూర్తి కాని బొమ్మ. భుజాన గంప పెట్టుకున్న మనిషి, తల లేదు. మెడలోంచి ఒక ఇనుప చువ్వ మాత్రం పైకి ఉంది. ఇదేం కథ అని చెల్లె మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఏడుపుతో. అవ్వ కళ్ళు మూసుకుని నిద్ర నటించింది. అమ్మ గేటు వైపే చూస్తోంది. అందరి ముఖాలూ చూసి బాపు గొంతు సవరించుకున్నాడు. మా జీవితంలో బాపు కథ చెప్పడం అదే మొదటిసారి.

"ఒక ఊర్లె ఒకడుండె. వాడొకనాడు తలకాయ ఇంట్లనే మరిచిపోయి అంగడికి పోయిండు."

చెల్లె ఏడుపు టక్కున ఆగింది. నేనూ కొంచెం ముందుకు జరిగాను. అవ్వ కళ్ళు తెరిచింది.

"ఓరి, బందువెట్టు. నీ బామ్మర్ది తొవ్వ తప్పుతడు."

బాపు ఏమైనా అనొచ్చు. తప్పితే తప్పనీ అనొచ్చు. మూడేళ్ళుగా ఆయన అంటున్నది దాదాపు అదే. కనీసం నవ్వొచ్చు. ఆయన అవేవీ చేయలేదు. నోరు మూసుకున్నాడు. తర్వాత ఏమైందని చెల్లె చొక్కా పట్టి లాగితే, ఏం కాలేదు, అక్కడికే అయిపోయింది అన్నాడు.

అమ్మ గేటు వైపు చూడడం మానేసి బాపును చూసింది. బాపు ఆమెను చూడకుండా ఆ ఇనుప చువ్వనే చూస్తూ అడిగాడు.

"ఫోన్ల ఏమని చెప్పినవ్ వానికి?"

ఇంతసేపూ మేము దాచిన గొప్ప రహస్యం అలా అయిపోయింది. అమ్మ కొంగు సర్దుకుంది. "కథల బాట కాడికి రమ్మన్న."

బాపు ఆ మాటను పెదవుల మీదే రెండు మూడుసార్లు అనుకున్నాడు. కథల బాట. కథల బాట. ఫోన్ బరబరను, లారీ హారనును కూడా కలిపి విన్నట్టున్నాడు. తర్వాత లేచి లుంగీ దులుపుకున్నాడు.

"వాడు కట్ట బాట అనుకున్నడు. వాని ఊరు కట్ట కింద. వానికి కట్ట తప్ప వేరే బాట తెల్వదు."

నిజాంసాగర్ ప్రాజెక్టు కట్ట మేమున్న చోటికి పూర్తిగా అటు దిక్కు. బాన్సువాడ దాటి పోవాలి. సెలవు రోజున కట్ట మీదికి సద్దులు కట్టుకుని పోవడం మా వైపు మామూలే. కాబట్టి మామకు అనుమానం కూడా వచ్చి ఉండదు. పెట్రోలు కొట్టించుకొస్తానని చెప్పి బాపు స్కూటరు తీశాడు. పొద్దున బయల్దేరేటప్పుడే ట్యాంకు నింపడం మేమంతా ఆటోలోంచి చూశాం. అడవిలో పెట్రోలు బంకు ఎక్కడుందని నేను అడగబోతే అవ్వ నా తొడ గిల్లింది.

ఆ తర్వాత రెండు గంటల పైనే అమ్మ కూర్చోలేదు. మామ అక్కడ లేకపోతే ఒక బాధ. ఉంటే ఇంకో బాధ. ఇద్దరూ కట్ట మీద ఎదురుపడితే మాట మాట పెరగదా, మధ్యలో తాను కూడా లేదు. పక్కనే నీళ్ళున్నాయి, బాపుకు ఈత వచ్చు, మామకూ వచ్చు, భయం లేదు అని నేను ధైర్యం చెప్పాను. నోరు మూసుకొమ్మంది. మళ్ళీ కాసేపటికి, నిజంగా తమ్ముడికి ఈత గుర్తుంటుందా అని నన్నే అడిగింది.

గార్డు రెండుసార్లు వచ్చి గేటు మూసే టైమైందని చెప్పాడు. రెండోసారి అవ్వ అతనికి మిగిలిన పులిహోరలో కొంత పెట్టింది. తింటున్నంతసేపు మూయలేడు కదా.

పొద్దు వాలి చెట్ల నీడలు సాగాక స్కూటరు చప్పుడు వినిపించింది. ముందు బాపు, వెనక మామ. మామ ఒక చేత్తో వేయించిన చేపల పొట్లం, ఇంకో చేత్తో ప్లాస్టిక్ కవరు పట్టుకుని ఉన్నాడు. అంటే దారంతా బావను పట్టుకోకుండానే కూర్చున్నాడన్నమాట. లేదా పట్టుకోవడానికి ఇంకా ధైర్యం చాలలేదేమో. కట్ట మీద వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ తేలలేదు. బావ వచ్చి 'ఎక్కు' అన్నాడని మామ అంటాడు. నేను ఏమీ అనలేదు, వాడే ఎక్కాడు అని బాపు అంటాడు. పొద్దుటి నుంచి కట్ట మీద కూర్చుని, వచ్చే ప్రతి ఆటోకూ లేచి నిలబడ్డానని మాత్రం మామ చెప్పాడు. అక్కడా ఇక్కడా అక్కాతమ్ముళ్ళు ఒకే పని చేశారన్నమాట.

బాపు స్టాండు వేసి, ఎవరినీ చూడకుండా అన్నాడు:

"కోతి వచ్చింది. పల్లెం వెట్టు."

అమ్మ నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. ఆమె అప్పటికే వంగి ఆరో పల్లెం తిరగేస్తోంది.

మామ తినడానికి ముందు ప్లాస్టిక్ కవరు బాపు చేతిలో పెట్టాడు. లోపల కొత్త ప్యాంటు షర్టు బట్ట, దాని మీద దుకాణం చీటీ.

"ఈసారి బిల్లు గూడ తెచ్చిన బావా. చూసుకో."

బాపు చీటీని వెలుతురు వైపు తిప్పి పైనుంచి కింది దాకా నిదానంగా చదివాడు. తర్వాత బట్ట నాలుగు మూలలూ విప్పి చూశాడు.

"పసుపు లేదు," అన్నాడు.

అవ్వ నవ్వింది. ఆమె నవ్వాక మామ నవ్వాడు. ఈసారి మామ నవ్వితే ఏమీ కాలేదు.

ఇక మిగిలింది చెల్లె. మామ చేతులు చాచి ఒళ్ళోకి రమ్మన్నాడు. అది రెండు చెవులూ మూసుకుని బాపు వెనక్కి పోయింది. మేనమామ ఒడి అంటే సూది అని దానికి పుట్టినప్పటి నుంచి చెప్పి చెప్పి ఉన్నాం. ఎంత పిలిచినా రాలేదు. మూడేళ్ళు ఒక ఒడి కోసం ఎదురుచూసి, తీరా ఒడి వస్తే పిల్ల పారిపోతోంది. అప్పుడు అవ్వ తల లేని బొమ్మ దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుంది. మామ వచ్చేశాడు, పొద్దు కూడా గూకుతోంది, ఇక తప్పేవాడు ఎవడూ లేడు, కథ చెప్తాను, వినాలంటే మామ ఒళ్ళో కూర్చోవాలి అంది.

చెల్లె చాలాసేపు ఆలోచించింది. చెవుల మీద చేతులు తీయకుండానే వచ్చి కూర్చుంది. చేతులు తీస్తేనే కథ వినిపిస్తుందని నేను గుర్తుచేశాను. ఒక చెయ్యి తీసింది.

అవ్వ, బాపు వదిలిన చోటి నుంచే ఎత్తుకుంది. తల ఇంట్లో మరిచిపోయినవాడు అంగడిలో తిరుగుతున్నాడట. ఏం కావాలని దుకాణదారులు అడిగితే చెప్పడానికి నోరు లేదు, తిరిగి పోదామంటే దారి చూడడానికి కళ్ళు లేవు. ఇంటి దగ్గర అతని తలను చూసి పెళ్ళాం గోల పెట్టింది. చివరికి అతని బామ్మర్ది ఆ తలను గంపలో పెట్టుకుని ఊరూరా అడుగుతూ అంగడికి పోయాడట. దారిలో ఆ తల ఊరుకోలేదు. గంపలోంచి బామ్మర్దిని తిడుతూనే ఉందట.

"గిది పాత కథేనా?" అన్నాడు బాపు.

"నీ కన్న పాతది," అంది అవ్వ. "ఊకొట్టు."

బాపు ఊకొట్టాడు. గార్డు కూడా తాళం చేతిలో పట్టుకుని నిలబడి ఊకొట్టాడు.

కొన్ని రోజులకు బంగారం పని చేసే అవుసులాయన మా ఇంటికే వచ్చి చెల్లె చెవులు కుట్టాడు. మామ ఒడి, మామ కళ్ళు మూసుకోవడం, అన్నీ పద్ధతి ప్రకారం జరిగాయి. చెల్లె ఏడవలేదు. కథ చెప్తే కూర్చుంటానని ముందే మాట తీసుకుంది. పట్టపగలే అవ్వ చెప్పాల్సి వచ్చింది. మేనమామ కదలకుండా ఇక్కడే కూర్చున్నాడు కాబట్టి ఫికరు లేదని ఆమె తీర్పు చెప్పుకుంది.

బీరువాలోని ఆ కాఫీ రంగు ప్యాంటు బట్టతో అవ్వ దర్జీ చేత రెండు దిండు గలీబులు కుట్టించింది. ఒకటి వాళ్ళింటికి, ఒకటి మా ఇంటికి. ప్యాంటు బట్ట ఎంత ఉతికినా మెత్తబడదు. ఇప్పటికీ మామ వస్తే అమ్మ ఆ దిండే వేస్తుంది. పొద్దున లేచేసరికి ఆయన చెంప మీద అడ్డంగా చారలు పడి ఉంటాయి. బాపు చాయ్ తాగుతూ ఆ చారలను చూసి, నిద్ర మంచిగ పట్టిందా బామ్మర్ది అని అడుగుతాడు.